చిన్నోడు ఒక్క పరుగూ తీయలేదు

పెద్దోడా, మీ ఓడలో రేడియో అందిందో లేదో, తమ్ముడు క్షేమమే. వాడి మొదటి టెస్టు ఐదో రోజు, బంతి విసిరే చేతి వేలు విరిగినా ఆఖరివాడిగా బ్యాటింగుకు దిగాడు. గెలవాలంటే ఇంకా రెండొందల పరుగులు కావాలి. వీడేమో బంతులు ఆపుతూ నిలబడ్డాడు. "కొట్టరా!" అని అరిచాను. పక్కసీటు టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పరుగుల మాట వదిలేయండి. మీవాడు అవుటైతేనే వాళ్లు గెలిచేది. ఆట టైమయ్యేదాకా నిలబడితే డ్రా!" ఆపైన బంతిబంతికీ "ఆపరా!" అని అరిచాను. నలభై బంతులు ఆపాడు, డ్రా అయింది.

వేలు మునుపటిలా వంగుతుందో లేదో కట్టు విప్పితేగాని చెప్పలేరట. ముద్దలు నేనే పెడుతున్నాను. "మళ్లీ బంతి పట్టగలనా అమ్మా?" అంటే ఇంకో ముద్ద కలిపి పెట్టాను. నీ దగ్గు తగ్గిందా? స్వెటర్ సరిపోయిందా? వాడికి వెంటనే ఉత్తరం రాయి, నీ మాటైతే నమ్ముతాడు. నాన్నవీ నావీ ఆశీస్సులు.

అమ్మ