సుగుణ నోరు విప్పిన చోటు

12 మార్చి 1982, శుక్రవారం

మొన్నటి వానలకు ఈ అరబ్బు ఎడారిలో ధైద్ ఊరికెళ్లే దారి పక్కన ఇసుకంతా పచ్చబడిందని విని, ఈ ఉదయం హాస్పిటల్ వ్యాన్‌లో నా రూమ్మేటు, తోటి నర్సు సుగుణను బలవంతంగా తీసుకెళ్లాను. కాకినాడలో తన పాప పోయినప్పుడు ఆమెకు సెలవు దొరకలేదు. అప్పటినుంచి డ్యూటీ మాటలు తప్ప మరో మాట లేదు.

నిజంగానే పచ్చిక! ఎటు చూసినా పసుపు పూలు, మధ్యమధ్య పేరు తెలియని ఊదావి. అడుగు వేస్తే చాలు, నారింజ రెక్కల సీతాకోకచిలుకలు లేస్తున్నాయి. ఒకటి వచ్చి సుగుణ చీర చెంగు మీద వాలింది.

"కదలకక్కా," అంది. చాలాసేపు దాన్నే చూసింది. "మా బుజ్జిదానికి ఈపాటికి నడకొచ్చేసేది. వీటెనకాల పరిగెత్తేది."

పాప మాట ఎత్తడం ఇదే మొదలు. పక్కనే కూర్చున్నాను. ఇంకేదో చెప్పబోతుంటే డ్రైవర్ రహీం భాయ్ హారన్ కొట్టాడు.

"ఖలాస్ సిస్టర్, టైమైపోయింది, యల్లా, పదండి! లేటయితే ఆఫీసులో ముదీర్ నన్ను తిడతాడు."

ఆయన తప్పేం లేదు. కానీ సుగుణ చెప్పబోయింది చెప్పకుండానే లేచి వ్యానెక్కింది.

దారిలో అడిగాను. "భాయ్, నాకు డ్రైవింగ్ నేర్పుతారా?"

"టెస్టులో మగోళ్లే ఫెయిలైతాండారు సిస్టర్," అని నవ్వాడు.

"నేనూ ఫెయిలవుతాను. మళ్లీ వెళ్తాను."

సైకిలైనా తొక్కనిదాన్ని. మేట్రన్ ఏమనుకుంటుందో... అనుకుంటే అనుకోనీ, రేపే ఆమెను అనుమతి అడుగుతాను. ఎండలు ముదిరితే ఆ పూలు మాడిపోతాయి. ఈ ఏడు కుదరకపోతే వచ్చే ఏడు వానలు పడ్డాక నేనే బండి నడిపి తీసుకెళ్తాను. సుగుణ చెప్పేదంతా చెప్పేదాకా అక్కడే కూర్చుంటాను.