ఎముకల పొడి డబ్బా

ఏమండీ, ఎముకల బలానికని మీరు కొన్న పొడి డబ్బా కోసం ఇల్లంతా వెతక్కండి. నా సంచిలో ఉంది. ఎనిమిది గంటల బస్సుకి నరసరావుపేట పోతున్నా. నిరుడు మీ కిడ్నీలో రాయి తీసిన డాక్టరుకే చూపించి, ఈ పొడికి మళ్లీ రాయి కడుతుందేమో అడుగుతా. ఆ రాయిని మీరు మర్చిపోయారేమో, మీ కేకలు మన వీధి ఇంకా మర్చిపోలేదు.

రాగిజావ స్టవ్ మీద ఉంది, ఎముకలకి అదీ బలమే, మజ్జిగ కలుపుకొని తాగండి. దాని గురించి టై కట్టుకొని చెప్పేవాడు లేడు కాబట్టి మీకు నమ్మకం కుదరదు. అయినా తాగండి.

మొన్న పంచాయతీ ఆఫీసు దగ్గర టెంటులో, ఎముకల బలం చూసే మిషన్లో కాలు పెట్టిన ప్రతివాళ్లకీ ఎముకలు గుల్లబారాయన్నారు. నంబరు ఎంత తక్కువొస్తే అంత గుల్లట. రోజూ మిర్చి బస్తాలు మోసే అంకారావన్నయ్యకి కూడా. మీరు అదే కాలు రెండోసారి పెడితే వేరే నంబరొచ్చింది. "ఇందాక మిషన్ వేడెక్కలేదండీ" అన్నాడు టై కట్టుకొని పొడి అమ్మేవాడు. ఏ పార్టీవాడి మాటా నమ్మని మనిషి, ఆ మాట నమ్మారు.

డాక్టరు వాడమంటే నేనే పాలల్లో కలిపిస్తా. అందాకా ఇంకో డబ్బా తేవద్దు.

సుగుణ

ఆ మిషన్లో నేనూ కాలు పెట్టా. నా నంబరు మీకంటే చానా తక్కువొచ్చింది, మీరు పక్కనే ఉన్నారు. డబ్బా మాత్రం ఒక్కటే కొన్నారు.