పెద్దాసుపత్రి వద్దనుకున్నాను

అమ్మా,

నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

నర్సు ఉద్యోగానికి రెండుచోట్ల రమ్మన్నారు కదా. నాన్న మాట ప్రకారం పెద్దాసుపత్రిలో చేరదామనుకుని, ఊరి చివరి చిన్నాసుపత్రికి రాలేనని చెప్పడానికి నిన్న వెళ్లాను. అక్కడ ఇక నయం కాదన్న రోగులే ఉంటారు. వరండాలో నిలబడి ఉంటే, ఒక గదిలోంచి ముసలావిడ "వచ్చావా తల్లీ, కూర్చో" అని పిలిచింది. నన్ను కూతురనుకుంది. కాదనలేక చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నేను నర్సును కేకేసేలోపే, నా చెయ్యి వదలకుండా కన్నుమూసింది.

తర్వాత అసలు కూతురు రొప్పుతూ వచ్చింది. "ఆఖర్న అమ్మ దగ్గర ఎవరైనా ఉన్నారాండీ?" అని అడిగింది.

"నేనున్నానండీ. మీరే వచ్చారనుకున్నారు" అన్నాను.

ఆమె నన్ను పట్టుకుని ఏడ్చేసింది. రాలేనని చెప్పడానికి వెళ్లినదాన్ని, చేరతానని చెప్పి వచ్చేశాను. సోమవారం అక్కడే చేరుతున్నాను.

తమ్ముడి దగ్గు తగ్గిందా? నా నల్ల స్వెటర్ పంపు, ఇక్కడ చలి ఎక్కువ. నాన్నమ్మకు నా దండాలు.

నాన్న పెద్దాసుపత్రి సంగతి వీధంతా చెప్పుకున్నారు. ఆయనకు నువ్వే నెమ్మదిగా చెప్పమ్మా. తిడితే తిట్టనీ, నాతో మాట్లాడటం మాత్రం మానొద్దను.

నీ పెద్దపిల్ల