ఎండ చూసిన కిరీటం

రాయగడ,
బుధవారం.

నాన్నకి,

ఝాన్సీ నమస్కారాలు. గొంతు మీద కుట్లు ఆరుతున్నాయని తమ్ముడు మోహన్‌కృష్ణ ఫోనులో చెప్పాడు. ఇంకో నెల దాకా ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నారట కదా. రాక్షసరాజు వేషం కట్టి గుణుపురం నుంచి బంధుగాం దాకా ఊళ్ళన్నీ అదరగొట్టిన మనిషివి, సునాబెడలో తమ్ముడి క్వార్టర్స్‌లో కూర్చుని పలక మీద రాసి మంచినీళ్ళు అడుగుతున్నావంటే నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఫోను మీద వేళ్ళతో పొడవడం నీకు చిరాకని ఈ ఉత్తరం రాస్తున్నాను. రైల్వేలో పనిచేసే బిశ్వజిత్ రోజూ మీ పక్కనున్న కోరాపుట్ వెళ్ళివస్తున్నాడు. జవాబు అతని చేతికే ఇయ్యి.

సంగతి మంచిది కాదు. కంగారు పడకుండా చదువు.

నీ వేషం కన్నారావుకి ఇచ్చి వెళ్ళావు కదా. నిన్న, నాటకానికి ముందు ఆనవాయితీ ప్రకారం, కిరీటానికి ఎండ చూపించారు. పొద్దుటి నుంచి మేడ మీద పెట్టి, మిట్టమధ్యాహ్నం నాటక మేళం అంతా చూస్తుండగా కన్నారావు రెండు చేతులతో సూర్యుడి వైపు ఎత్తాడు. నడికొమ్ము ఊడి నేల మీద పడింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. కట్టుబాటు నీకు నేను చెప్పేదేముంది? కిరీటం గానీ దాని ముక్క గానీ ఎవరి చేతిలోంచి నేల తాకితే ఆ చెయ్యి ఈ జన్మలో దాన్ని మళ్ళీ ముట్టకూడదు. వడ్రంగి వచ్చి కొమ్ముకి మేకు కొట్టి బిగించాడు. కన్నారావుని మాత్రం ఎవరూ బిగించలేరు. పొలం పనులు కూడా పక్కన పెట్టి నీ వెనకాల తిరిగిన శిష్యుడు, తలవంచుకుని మేడ దిగిపోయాడు.

ఆ వెంటనే ఉత్సవ కమిటీ చంద్రశేఖరం గారు నా వైపు తిరిగారు. "ఇంకేటి ఆలోచన? గురువుగారి కూతురుంది కదేటి! పద్యాలన్నీ నోటికొచ్చు. కాలేజీలో సెప్పేదీ రాక్షసుల పాటమే. ఆదివారం నాటకం ఈవిడే ఆడతాది" అన్నారు.

నీకు అబద్ధం చెప్పను నాన్నా, నా ఒళ్ళు పులకరించింది. చిన్నప్పుడు ఈ వేషం అడిగితే "ఆడపిల్లకి ఆ గొంతేటే" అని నవ్వేశావు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఏం చెయ్యమంటావు? ఆ కిరీటం గురించి నాకు చెప్పవలసింది ఏమైనా ఉందా?

నీ కూతురు,
ఝాన్సీలక్ష్మి

•

సునాబెడ,
గురువారం.

అమ్మి ఝాన్సీకి,

ఆశీస్సులు. ఉత్తరం అందింది. కట్టుబాటు కట్టుబాటే. కన్నారావు మంచివాడే గానీ చేతికి నిదానం తక్కువ. ఎప్పుడో ఒకప్పుడు ఇలా అవుతుందని అనుకుంటూనే ఉన్నాను.

వేషం నువ్వే వెయ్యి. నీది నా గొంతే. ఇన్నాళ్ళూ ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. గద్దె దిగేటప్పుడు మెట్ల వైపు చూడకు, చూస్తే రాజు పోయి మనిషి మిగులుతాడు. దేవుడు ఎదురొచ్చినా కళ్ళు వాల్చకు. రాక్షసుడు తనను రాక్షసుడనుకోడు. అద్దంలో చూసుకుంటే వాడికి దేవుడే కనిపిస్తాడు. అది పట్టుకుంటే వేషం వచ్చినట్టే.

ఇంకేం లేదు. చల్లటివి తాగకు.

మీ నాన్న,
తిరుపతిరావు

•

రాయగడ,
శుక్రవారం.

నాన్నా,

నీది నా గొంతే అన్నావు. ఆ ఒక్క మాట కోసం పెళ్ళయి పిల్లలు పుట్టాక కూడా ఎదురుచూశాను. అద్దం ముందు నిలబడి రాజు నవ్వు నవ్వి చూసుకున్నాను. బాగుంది. చాలా బాగుంది. భయం కూడా వేసింది.

ఇక దాచలేను. నేను చూశాను నాన్నా. వైజాగ్ ఆస్పత్రికి బయలుదేరే ముందు నువ్వు కిరీటం తుడుస్తుంటే దగ్గు తెర వచ్చింది. అది నీ చేతిలోంచి జారి గచ్చు మీద పడింది, కొమ్ము విరిగింది. నేను వంటింటి కిటికీ దగ్గర ఉన్నాను. నువ్వు తలుపు వేసుకుని లక్క కరిగించి అతికావు, ఇల్లంతా ఆ వాసన. మళ్ళీ గద్దె ఎక్కనివ్వరన్న భయంతో చేశావని అర్థమైంది. జబ్బు మనిషివి, పోనీలే అనుకున్నాను. ఎండకి లక్క మెత్తబడుతుందన్న సంగతి ఆ గాభరాలో నీకు తట్టి ఉండదు.

నిన్న సాయంత్రం కన్నారావు వచ్చాడు. లోపలికి రమ్మంటే రాడు, గుమ్మం బయటే కూర్చున్నాడు. "నా సేతిలోంచే జారిపోనాది అమ్మి. ఏటి పాపం సేసుకున్నానో! గురువుగారికి నా ముకం ఎలాగ సూపించను? నువ్వే బాగా ఆడు. గొంతుకి మిరియాల కషాయం ఎట్టమని మా సుబ్బులికి సెప్పేను, రేపట్నించి అంపుతాది" అన్నాడు. వాడి పెళ్ళాం సుబ్బులు నాకు కషాయం కాచి పంపుతుందట! తప్పు తనదేనని నమ్మేసిన మనిషి ముందు నేను నోరు విప్పలేదు. తలూపాను. తలూపి లోపలికొచ్చి మళ్ళీ పద్యం అందుకున్నాను.

పాత కావ్యాల్లో చెడు ఎలా ప్రవేశిస్తుందో పిల్లలకి ఏటేటా పాఠం చెబుతాను. చెడు కోరలు పెట్టుకుని రాదర్రా, బంధువులా వస్తుంది, మనల్ని పొగుడుతుంది, పీట మనమే వేస్తాం అంటాను. చెప్పేటందుకే నీతులు అని ఊరికే అనలేదు. అది నా ఇంటికి వచ్చినప్పుడు నాన్న పరువు అని పేరు చెప్పుకుంది. నిజం చెబితే జబ్బులో ఉన్న తండ్రిని బజారుకీడ్చినట్టు, చెప్పకపోతే మంచి కూతుర్ని. మంచి కూతురికి బహుమతిగా కిరీటం! ఎంత బాగా అమిరిందో చూశావా?

నేను ఆడను. ఆదివారం తెర తీయకముందే అందరి ఎదుటా నీ పేరు పెట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. కన్నారావు వేషం కన్నారావుకి ఇప్పిస్తాను. నువ్వు మళ్ళీ నా మొహం చూడకపోయినా సరే. నీ మీద కోపంగానూ ఉంది, నువ్వంటే ప్రాణంగానూ ఉంది.

ఝాన్సీ

•

కకిరిగుమ్మ దగ్గర, రైల్లో,
ఆదివారం.

అమ్మి ఝాన్సీ,

నువ్వు ఏమీ చెప్పొద్దు.

పూర్తిగా చదువు, అప్పుడు కోప్పడు. మోహన్ వద్దు వద్దంటున్నా పలక మీద 'వెళ్తున్నాను' అని రాసి చూపించి రైలెక్కాను. దిగగానే ఈ కాగితం నీ చేతిలో పెడతాను. బండి కుదుపులకి అక్షరాలు గీతలు తప్పుతున్నాయి, సర్దుకో.

నువ్వు చెబితే నాన్న గాభరాలో పొరపాటు చేశాడని చెబుతావు. నీ ఉత్తరంలో అలాగే రాశావు. అది నిజం కాదు. లక్క ఎండకి కరుగుతుందని నాకు తెలుసు. అతికేటప్పుడు తట్టలేదు గానీ, కిరీటం పెట్టెలో సర్దుతుంటే గుర్తొచ్చింది. కన్నారావు ఎదురుగానే ఉన్నాడు. అప్పటికి నాకింకా గొంతుంది. 'ఎండలో పెట్టకురా' అంటే సరిపోయేది. అనలేదు.

ఎందుకనలేదో చెబుతాను. కిందటి నెల వాడు మన పెరట్లో పద్యం పాడుతుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి విన్నారు. నా గొంతు మూగబోతుంటే వాడిది గంటలా మోగుతోంది. నేనే నేర్పిన గొంతు అది. నా తరవాత ఆ గద్దె మీద అంతకన్నా గొప్పగా ఇంకొకడు కూర్చోవడం నేను ఓర్చుకోలేకపోయాను. మూత వేసి, తాళం చెవి వాడి చేతిలో పెట్టి, తల మీద చెయ్యేసి దీవించాను కూడా. అప్పుడు నాకు నేను చెడ్డవాణ్ణని అనిపించలేదు అమ్మీ. అనిపించి ఉంటే ఆగేవాణ్ణి.

నీ గొంతు గురించి రాసింది నిజం. నువ్వు కిరీటం గురించి అడగ్గానే నీకేదో తెలుసని అనుమానం వచ్చి, నీ నోరు మూయించడానికి వాడుకున్నాను గనక అది కూడా మైలపడింది. వేషం కావాలంటే వచ్చే ఏడు కన్నారావుని అడుగు. ఇచ్చే హక్కు ఇక వాడిది. ముందు నేల తాకింది నా చేతిలోంచి, వాడి చేతిలో ఊడింది నేను అతికిన ముక్కే. కట్టుబాటు నాకు తగులుతుంది, తగలాలి.

నాకు మాట లేదు గనక తెర ముందు ఈ కాగితం నువ్వే చదవాలి. ఒక్క ముక్క వదలొద్దు. నా మీద జాలి పుట్టేలా చదవకు. నేను పక్కనే నిలబడతాను.

చదవడం అయ్యాక కన్నారావు కాళ్ళు పట్టుకుంటాను. వాడు ఒప్పుకోడు, గురువుగారూ అంటూ వెనక్కి జరిగిపోతాడు. వాణ్ణి కదలకుండా పట్టుకో అమ్మీ.

మీ నాన్న,
తిరుపతిరావు