తిరిగిన రాళ్ళు

మార్చి 9, ఉదయం 11

నిన్నటి భూకంపం నా పెట్టెలో పడింది. కొండ మీద బౌద్ధ గుడి వెనక, సమాధుల పక్కన గోతిలో నేనే బిగించిన సెన్సర్. మామూలు యంత్రాలు నేల ఎటు ఎంత ఊగిందో చెబుతాయి. ఇది ఎంత మెలి తిరిగిందో చెబుతుంది. నాలుగేళ్ళు ఎదురుచూశాను. పెద్ద కుదుపు దగ్గర నేల కుడివైపు తిరిగింది. రికార్డు శుభ్రంగా ఉంది.

ఊళ్ళో ఎవరికీ ఏమీ కాలేదు. పెంకులు జారాయి.

మార్చి 10

ప్రొఫెసర్ ఇవాకిరి రికార్డు చూసి నవ్వారు. నవ్వారు! నేల కాదు షిజూయే గారూ, మీరు బిగించిన బోల్టు వదులై పెట్టే తిరిగింది, ఈ భూకంపం రికార్డుల లిస్టులోంచి తీసేద్దాం అన్నారు. మళ్ళీ కొండెక్కి రెంచి పెట్టి చూశాను. వెంట్రుకవాసి కదల్లేదు. అదీ చెప్పాను. పక్కన అన్ని సమాధి రాళ్ళున్నాయి కదా, అవీ ఒకే వైపు తిరిగాయా, కొలిచిన రాయి ఒక్కటైనా చూపించండి, ఇరవై నాలుగున లిస్టు ఖరారు అన్నారు.

ఒళ్ళు మండింది. రాళ్ళు తిరిగే ఉన్నాయి, గోతి దగ్గర్నుంచి కళ్ళారా చూశాను. రేపే కొలుస్తాను.

మార్చి 11

కొలవలేదు. మిగతా ఎనిమిది స్టేషన్లూ చూసి రమ్మని నన్నే పంపారు.

మార్చి 16

రాళ్ళన్నీ తిన్నగా ఉన్నాయి. నలభై రాళ్ళు, బళ్ళో పిల్లల్లా వరసగా. రాళ్ళ మేస్త్రీ నెజు తాత తలకి తువ్వాలు చుట్టుకుని సిమెంటు పూస్తున్నాడు. పూజారి తొంగి చూసేలా అరిచాను. ఎవర్నడిగి తిప్పావు తాతా అన్నాను.

ఎవరి రాయికి వాళ్ళ ఇంటివాళ్ళే వచ్చి అడిగారమ్మా, రేపట్నుంచి హిగాన్ కదా, పోయిన పెద్దల పండగ, పిల్లలొచ్చి పూలు పెడుతుంటే పెద్దోళ్ళు పెడమొహం పెట్టుకుని నిలబడతారా ఏంటి, అన్నాడు. ఎటు తిరిగాయి? అన్నీ కుడికే, కవాతు చేసినట్టు. కొలిచావా? తిన్నగా పెట్టడం నా పని తల్లీ, వంకర కొలిచే పని నీది, అన్నాడు.

ఆ మాట నిజం. అందుకే ఇంకా కోపం.

వెళ్ళిపోతుంటే వెనక్కి పిలిచాడు. ఒకటి తిప్పలేదట. ఇంటివాళ్ళు వచ్చి అడగందే రాయి మీద చెయ్యి వెయ్యడు, వాళ్ళ తాతల నాటి పద్ధతి. ఆ ఇంటివాళ్ళెవరూ రాలేదు. పై వరసలో చివరిది.

ఎవరిదని అడగలేదు. నాకు తెలుసు.

మార్చి 17

నాన్నది. వారం వారం పెట్టె దగ్గరికొస్తాను, పై వరసకి వెళ్ళే ఆ ఆరు మెట్లు మాత్రం ఆయన పోయిన మూడేళ్ళుగా ఎక్కలేదు. గోతుల్లో డబ్బాలకి కాపలా కాసే ఉద్యోగం ఆడపిల్లకేంటని చివరిదాకా సతాయించాడు. నేనెందుకు ఎక్కాలి?

పదకొండు డిగ్రీలు, కుడికి. మూడుసార్లు కొలిచాను. నేల అంత తిరగలేదు, కుదుపుల్లో రాయి పీఠం మీద జారి జారి అంతయింది. దిక్కు మాత్రం అదే. ఇప్పుడది నా పెట్టె ఉన్న గొయ్యి వైపు చూస్తోంది.

ఇవాకిరికి ఫోన్ చేశాను. ఫోటో చాలదట. ఇరవై మూడున తనే వచ్చి చూస్తారట, అప్పటిదాకా ఎవర్నీ తాకనివ్వద్దట.

మార్చి 20

హిగాన్ నడిమి రోజు. ఊరంతా పైకెక్కింది. పూలు, అగరుబత్తులు, ఓహగి ఉండలు. అందరి పెద్దలూ తిన్నగా ఉన్నారు, మా నాన్న ఒక్కడే పక్కకి. మేనత్త అందరి ముందూ దులిపేసింది. కన్నతండ్రి మెడ తిప్పి నిలబెట్టి తమాషా చూస్తున్నావే, నువ్వసలు మనిషివేనా అంది. నెజు తాత గడ్డపార పట్టుకుని నా మొహం చూశాడు. వద్దన్నాను. రాయి పక్కనే సాయంత్రం దాకా కాపలా నిలబడ్డాను.

బతికున్నప్పుడు నా మాట ఒక్కటి వినలేదు. ఇప్పుడు నేను చెప్పేదాకా కదలడు. నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆ ఏడుపు మీద కోపమొచ్చింది.

మార్చి 23

ఇవాకిరి వచ్చి కొలిచారు. పదకొండున్నర అన్నారు. నెజు తాత చెప్పింది కూడా రాసుకున్నారు. రికార్డు లిస్టులో ఉంటుంది. బోల్టు గురించి ఒక్క మాట లేదు.

మార్చి 24

రాయి సరిచెయ్యమని నెజు తాతని అడిగాను.

ఒక్క డిగ్రీ వదిలెయ్యమన్నాను, నా గొయ్యి వైపు.