నీ గోలీలు నువ్వే వేసుకో

అత్తమ్మా,
తెలంగాణ సమ్మె టెంటు కాడికి జనగామ పోతున్న. పొద్దుగూకే వరకు వస్త. పప్పుల ఉప్పు తక్కువేసిన, మళ్ల కలుపుకోకు. నీ గుండె గోలీలు గూట్ల ఉన్నయి. తిన్నంక నువ్వే వేసుకో, నాకని దాచకు. డాక్టరు చెప్పిండు గదా, "మీ అత్త గుండె సంచి తీరు సాగింది. నీది సాగలేదు, గోడలు మందమై బిగుసుకుంది. ఇద్దరికీ ఆయాసమే గని మందులు వేరే" అని.

మొన్న రాస్తారోకో కాడ "నా కోడలికి ఊపిరాడుతలేదు, జర తొవ్వ ఇడువుండ్రి" అని నువ్వు మొత్తుకుంటేనే మనోళ్లు రాళ్లు జరిపి మనం దవాఖానకు పోయే జీపును పంపిండ్రు. నీ పుణ్యాన ఇయ్యాల నడుస్తున్న.

సుమన

ఇంకోటి. ఆనాడు జీపుల నేను "అవ్వా" అని పిలిచింది నన్ను కన్న మా అవ్వను కాదు, నిన్నే.