మామిడిచెక్క శిలువ

అమలాపురం, 1986 నవంబరు 2, ఆదివారం

ఈరోజు సమాధుల పండుగ. మా పాప సమాధికి సున్నం వెయ్యడానికి ఆయనా నేనూ వెళ్ళేం. శిలువ మీద చెయ్యి వేసేనో లేదో, దూదిలా విడిపోయింది. ఆరేళ్ళ క్రితం ఆయన మామిడిచెక్క మీద ఉలితో చెక్కిన పాప పేరు, సగం నా చేతికొచ్చేసింది.

ఏటా ఆ శిలువకి కూడా నేనే సున్నం వేసేదాన్ని. చెక్క తెల్లబడుతుంటే అది నా సున్నమే అనుకున్నాను. కాలేజీలో బోటనీ చెప్తున్నదాన్ని, నాకు తెలియొద్దూ? చెక్కని గట్టిగా, గోధుమరంగులో ఉంచేది లిగ్నిన్. కుళ్ళబెట్టే శిలీంధ్రం లోపలికి చేరి, తన ఎంజైములతో ఆ లిగ్నిన్‌ని ముక్కలు చేసేస్తుంది. చివరికి మిగిలేది తెల్లటి పీచు. ఆ తెలుపు మీదే నేను ఇంకా తెలుపు పూస్తూ వచ్చేను.

"సిమెంటుది పోయిద్దాంలే, ఏడవకు" అన్నారాయన. అని, తనే అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

రేపు డిగ్రీ సెకండియర్ వాళ్ళకి ఈ పాఠమే. కుళ్ళిన చెక్కముక్క తెచ్చి చూపిస్తానని పిల్లలకి మాటిచ్చేను కూడా. ముక్క ఉంది. జేబురుమాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను, ఇదిగో, నా ముందే ఉంది. ఎలా చూపించను? దాని మీద ఒక అక్షరం ఇంకా చదవడానికొస్తోంది.